భూమండలమా, భూగోళమా?

బడిలో కన్నడం చదువుకొని ఇంట్లో తెలుగు మాట్లాడే మన నాగరగెరె, బాగేపల్లి, చింతామణి సీమ వాళ్లకు మాటల పేచీలు కొత్త కావు. ఒక మాట ఒక భాషలోంచి ఇంకొక భాషలోకి వచ్చేటప్పుడు ఏమి వదులుకుంటుందో, ఏమి తగిలించుకుంటుందో మనకు దినమూ అనుభవమే. ఈ మధ్య అటువంటి పేచీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. తెలుగు బైబిల్లో ఒకచోట ఉన్న 'భూమండలము' అనే మాటకు అర్థమేమిటన్నది పేచీ. చూడటానికి చిన్నదే. కాని దాని మీద ఒక తండ్రీ కొడుకూ రెండు నెలలుగా సరిగా మాట్లాడుకోవడం లేదు.

తండ్రి నా మిత్రుడు, రిటైరైన బడిపంతులు, క్రైస్తవుడు. ఆయన ఇంట్లో తెలుగు బైబిలు పెద్దల కాలం నుంచి ఉంది. కొడుకు ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో పని చేస్తున్నాడు. ఎవరో బైబిలు వాక్యాలు వరుసగా చూపి భూమి బల్లపరుపు అని వాదించిన ఉపన్యాసం ఒకటి సెల్‌ఫోన్లో విన్నాడు. నమ్మలేదు. నమ్మకపోవడంతోనే చిక్కు వచ్చింది. 'నాయనా, వాళ్లు చూపే వాక్యాలన్నీ పుస్తకంలో ఉండాయి. భూమి గుండ్రమనేది నిజం. అయితే పుస్తకం అబద్ధమనుకోవల్నా?' అని తండ్రిని అడిగాడు. తండ్రి యెషయా గ్రంథం 40వ అధ్యాయం తీసి, 22వ వచనంలో 'భూమండలము' అనే మాట మీద వేలు పెట్టి, 'గుండ్రమనే కదప్పా రాసిండేది, సైన్సు వాళ్ల కంటే ముందే' అన్నాడు. కొడుకు నవ్వాడు. ఆ నవ్వు దగ్గర మాట తెగింది.

'అన్నా, నువ్వు మా మతం వాడివి కావు, ఏ పక్కకూ లాగవు. లెక్క చూసినట్టు చూసి చెప్పు' అని మిత్రుడు అడిగాడు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. హీబ్రూ, గ్రీకు రావు. నిఘంటువులు, వ్యాఖ్యానాలు, రెండు మూడు అనువాదాలు పక్కన పెట్టుకొని చూశాను. చూడగా ఇది భూగోళశాస్త్రం కంటే అనువాద విమర్శకే ఎక్కువ సంబంధించిన తగాదా అని తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ మాట సంగతి. మూలంలో హీబ్రూ పదం 'హూగ్'. వృత్తం, చుట్టుగీత అని దాని అర్థం. అదే గ్రంథం 44వ అధ్యాయంలో వడ్రంగి కొయ్య మీద వృత్తం గీసే కంపాసుకు వాడిన పేరు కూడా ఈ ధాతువులోంచి వచ్చిందే. సామెతల గ్రంథం 8వ అధ్యాయంలో నీళ్ల మీద దేవుడు గీసిన వలయానికీ ఇదే పదం. లాటిన్ అనువాదకుడు దీన్ని 'గైరుం' అన్నాడు, అంటే వలయం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు 'సర్కిల్' అంది. 18వ శతాబ్దంలో చాలొనర్ సరిచూసిన క్యాథలిక్ ఇంగ్లీషు పాఠంలో మాత్రం అది 'గ్లోబ్' అయింది. అనువాదకుడి కాలానికి భూమి గోళమని లోకానికంతా తెలుసు కాబట్టి, ఆ తెలివి మూలంలోకి కూడా జారిపోయింది. మూలంలో లేని గోళం అట్లా అనువాదంలో పుట్టింది.

మన తెలుగువారి 'మండలం' ఈ రెండింటిలో ఎటు చేరుతుంది? సూర్యమండలం అంటే గుండ్రని బింబం. చోళమండలం అంటే దేశం. తాలూకాలు పోయి 1985లో ఆంధ్రలో వచ్చిన మండలాల్లో ఏదీ గుండ్రంగా లేదు. పథ్యం ఒక మండలం చేయమంటే నలభై దినాలు. ఇన్ని అర్థాలున్న మాటను గోళానికి సాక్ష్యంగా నిలబెట్టడం కష్టం. ఇంకొక సంగతి కూడా ఉంది. భాగవతం పంచమ స్కంధంలో ద్వీపాలు, సముద్రాలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా పరచిన భూమికి పేరు భూమండలమే. దాని నడుమ జంబూద్వీపం లక్ష యోజనాల వెడల్పున తామరాకు వలె గుండ్రంగా ఉంటుంది. తామరాకు గుండ్రమే, కాని బల్లపరుపు. పోతన భాగవతంలో ఆ స్కంధాన్ని తెనిగించినవాడు గంగన. అంటే తెలుగు దేశంలో పురాణం విని పెరిగిన వారి చెవికి భూమండలం అన్న మాట వినబడగానే బంతి తోచే అవసరం లేదు.

కాబట్టి నా మిత్రుడు వేలు పెట్టిన మాట ఆయనకు కావలసిన సాక్ష్యం ఇవ్వదు. అయినా ఆ మాట ఎన్నుకున్న అనువాదకులను మెచ్చుకోవాలి. మూలంలో ఎంత ఉందో అంతే చెప్పే మాట దొరకబుచ్చుకున్నారు. గోళం అనలేదు, పళ్లెం అనలేదు. నందికొండ ఎక్కి చుట్టూ చూసిన వాడికి భూమి ఎట్లా కనిపిస్తుందో అట్లా చెప్పారు. ఆ చూపులో భూమి అంచు గుండ్రంగానే ఉంటుంది. అంతమాత్రాన బంతి అనీ తేలదు, బల్ల అనీ తేలదు.

యెషయాకు బంతి అనే మాట తెలియదా అంటే, తెలుసు. 22వ అధ్యాయంలో ఒక అధికారిని బంతి వలె చుట్టి విసిరివేస్తానన్న చోట ఆ మాట ఉంది. మన తెలుగు బైబిలు దాన్ని 'చెండు' అని అందంగా అంది. బంతి అని చెప్పదలిస్తే 40వ అధ్యాయంలో కూడా ఆ మాటే వాడి ఉండేవాడని కొందరు వాదిస్తారు. ఈ వాదం కూడా గట్టిది కాదు. 40వ అధ్యాయం నుంచి మొదలయ్యే భాగం వేరొక కవిదనీ, బబులోను చెరలో క్రీ.పూ. 6వ శతాబ్దంలో పుట్టిందనీ ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఒకరి చెండును తెచ్చి ఇంకొకరి ఖాతాలో జమ చేయరాదు.

కాని ఆ బబులోను సంగతి మనకు వేరే విధంగా పనికివస్తుంది. ఇంచుమించు ఆ కాలానిదే అయిన ఒక మట్టిపలక మీద బబులోను వారు గీసిన లోకపటం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో భూమి ఒక వృత్తం. చుట్టూ ఉప్పునీటి వలయం. చెరలో ఉన్న ఆ కవి చుట్టూ ఉన్న లోకానికి తెలిసిన భూమి ఇదే. భూమి గోళమని గ్రహణపు నీడను చూపి అరిస్టాటిల్ వాదించింది తర్వాత రెండు శతాబ్దాలకు. మన ఆర్యభటుడు కదంబపు పూబంతితో పోల్చి చెప్పింది క్రీ.శ. 499లో. తన కాలంలో తన ఊళ్లో ఎవరికీ లేని లెక్కను కవి తలకు చుట్టడం గౌరవం అనిపించుకోదు.

ఇక బల్లపరుపు వాదులు చూపే వాక్యాలు. మొదటిది భూమి నాలుగు మూలలు. యెషయా 11వ అధ్యాయంలో హీబ్రూ మాటకు రెక్క అనీ, వస్త్రపు చెంగు అనీ అర్థం. ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలో గ్రీకు మాటకు అర్థం మూల. మన అనువాదకులు మొదటిదాన్ని దిగంతాలు అన్నారు, రెండోదాన్ని దిక్కులు అన్నారు. తెలుగు చదివేవాడికి మూలలు కంటికి కనబడనే కనబడవు. ఇంగ్లీషులో ఇంత రగడ చేసిన మాట తెలుగులో నిశ్శబ్దంగా దాటిపోయింది. కాని నా మట్టుకు ఇక్కడ మూల అనే మాటే ఉంచి ఉంటే బాగుండేది. 'దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు' అని మనం రోజూ అంటాము. అన్నవాడు దేశం చదరంగా ఉందని నమ్మి అనడు. మూలంలో ఉన్న మాటా, తెలుగులో బతికిన నుడికారమూ ఒక్కటై దొరికినప్పుడు దాన్ని వదులుకోవడం నష్టం. పైగా అది ఉండి ఉంటే మా మిత్రుడి కొడుకుకు జవాబు అక్కడే దొరికేది. నలుమూలలు అన్నది నుడికారమని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండోది ఆకాశం. ఆదికాండం మొదటి అధ్యాయంలో నీళ్లను నీళ్లతో వేరుచేయడానికి దేవుడు కలిగించిన దాన్ని హీబ్రూలో 'రాకీయ' అంటారు. దాని ధాతువుకు లోహాన్ని సుత్తితో కొట్టి పలుచగా సాగదీయడం అని అర్థం. నిర్గమకాండం 39వ అధ్యాయంలో బంగారాన్ని రేకులుగా కొట్టిన చోట అదే క్రియ. పాత గ్రీకు, లాటిన్ అనువాదాలు గట్టిది అనే అర్థమొచ్చే మాటలే వాడాయి. మన తెలుగు బైబిలు 'విశాలము' అంది. ఇక్కడ నాకు ఫిర్యాదు ఉంది. విశాలం అన్నప్పుడు సాగదీసిన వెడల్పు మిగిలింది, సుత్తి పోయింది. పైన నీళ్లను ఆపి నిలబెట్టిన గట్టి కప్పు పోయింది. అదే అనువాదకులు యోబు గ్రంథం 37వ అధ్యాయానికి వచ్చేసరికి, పోతపోసిన అద్దంలాంటి ఆకాశాన్ని పోతపోసినట్టే ఉంచారు. ఒకచోట పోయిన గట్టిదనం ఇంకొకచోట బయటపడింది. పుస్తకమంతా చదివేవాడు ఇది చూడగలడు. వాక్యాలు ఏరుకునేవాడు చూడలేడు.

మూడోది పునాదులు, స్తంభాలు. 104వ కీర్తనలో భూమికి పునాదులున్నాయి. సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా పాటలో స్తంభాలున్నాయి. యోబు 9వ అధ్యాయంలో ఆ స్తంభాలు అదురుతాయి. అదే యోబు 26వ అధ్యాయంలో భూమి ఏ ఆధారమూ లేక శూన్యం మీద వేలాడుతుంది. గుండ్రం పక్షం వారు 26వ అధ్యాయాన్ని తీసుకుంటారు, బల్ల పక్షం వారు 9వ అధ్యాయాన్ని తీసుకుంటారు. ఒకే లెడ్జరులో ఒకరు జమ పక్క మాత్రమే చదువుతారు, ఇంకొకరు ఖర్చు పక్క మాత్రమే. రెండు అధ్యాయాలూ ఒకే కావ్యంలో పక్కపక్కన ఉండటానికి ఆ కవికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఎందుకంటే ఆయన భూమి కట్టడాన్ని వర్ణించి అప్పగించే పనిలో లేడు. దేవుడి బలాన్ని చెప్పే పనిలో ఉన్నాడు. అదిరే స్తంభం ఆ పనికి వస్తుంది, ఆధారం లేని వేలాట కూడా వస్తుంది.

ఈ రెండు పక్షాలూ నిన్న మొన్నటివి కావు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కాస్మాస్ అనే వర్తకుడు ఉండేవాడు. మలబారు మిరియాల సంగతి రాసిన వాడు. అతడు బైబిలు వాక్యాలతోనే, భూమి ఒక చదరపు నేల, ఆకాశం దాని మీద వంపు మూత, లోకమంతా మోషే గుడారం నమూనా అని నిర్ధారించాడు. యెషయా 40వ అధ్యాయం అతడి సాక్ష్యాల్లోనూ ఒకటి. అదే ఊళ్లో, అదే శతాబ్దంలో, అదే పుస్తకాన్ని నమ్మిన ఫిలోపొనస్ అనే పండితుడు భూమి గోళమే అన్నాడు. తర్వాతి క్రైస్తవ పండితుల్లో ఎక్కువమంది ఫిలోపొనస్ వైపే. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ తన మహాగ్రంథం మొదటి పుటల్లోనే భూమి గుండ్రదనాన్ని అందరికీ తెలిసిన ఉదాహరణగా ఎత్తుకున్నాడు. మధ్యయుగాల్లో అందరూ భూమి బల్ల అనుకున్నారన్న కథ 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన కొలంబస్ చరిత్ర వల్ల బాగా ప్రచారమైంది.

మా బ్యాంకు వాళ్లకు ఈ తగాదా ఇంకొక దారిలో పరిచయం. పందెపు ఒప్పందాలు చెల్లవని చెప్పే కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను చదివేటప్పుడు 'హాంప్‌డెన్, వాల్ష్' కేసు వస్తుంది. జాన్ హాంప్‌డెన్ బైబిలును నమ్మి భూమి బల్లపరుపు అన్నవాడు. నీటి మట్టంలో వంపు చూపిస్తే 500 పౌండ్లు ఇస్తానన్నాడు. ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ ఒప్పుకొని తానూ 500 కట్టాడు. 1870లో ఇంగ్లండులోని ఓల్డ్ బెడ్‌ఫర్డ్ కాలువ మీద ఆరు మైళ్ల దూరంలో పరీక్ష జరిగింది. రెండు కొసలూ, నడుమా నీటికి సమానమైన ఎత్తులో గుర్తులు పెట్టి దుర్బిణితో చూస్తే నడుమ గుర్తు పైకి కనిపించింది. లెక్క ప్రకారం ఆ దూరానికి నడుమ ఉబ్బు సుమారు ఆరు అడుగులు. సొమ్ము దగ్గర ఉంచుకున్న మధ్యవర్తి వాల్ష్ వాలెస్ గెలిచాడని సొమ్ము ఇచ్చేశాడు. హాంప్‌డెన్ అంతకుముందే తన సొమ్ము వెనక్కి అడిగాడు కాబట్టి అది అతడికి తిరిగి ఇవ్వవలసిందేనని 1876లో కోర్టు తీర్పు చెప్పింది. కోర్టు భూమి ఆకారం గురించి ఏమీ చెప్పలేదు. వాలెస్ మాత్రం ఏండ్ల తరబడి తిట్టు ఉత్తరాలు పడ్డాడు. కాలువ నీళ్లతో తేలవలసిన సంగతిని వచనంతో తేల్చబోయిన వాడు, నీళ్లు తేల్చి చెప్పినా వినలేదు.

ఇదంతా ఇతరుల ఇంటి భాగోతమని మనం నవ్వుకోవడానికి లేదు. కోర మీద గుండ్రటి భూగోళాన్ని ఎత్తిన వరాహస్వామి బొమ్మ మన కేలండర్లలో ఉంటుంది. దాన్ని చూపి, మన పెద్దలకు భూమి బంతి అని ఎప్పుడో తెలుసు అనేవారు నా బంధువుల్లోనే ఉన్నారు. బాదామిలో 578లో తొలిచిన గుహలో వరాహస్వామిని చూడండి. ఆయన చేతిలో ఉన్నది భూదేవి, స్త్రీమూర్తి. గోళం లేదు. హిరణ్యాక్షుడు భూమిని చాప చుట్టినట్టు చుట్టి ఎత్తుకుపోయాడని మన అవ్వలు చెప్పేవారు. బంతిని చాప చుట్టలేము. గోళాన్ని లెక్కతో చెప్పిన వారు మనకూ ఉన్నారు, కాని వారు పౌరాణికులు కారు, జ్యోతిష సిద్ధాంతులు. వృత్తపు చుట్టుకొలతలో నూరో భాగం తిన్నగా కనిపిస్తుంది కాబట్టి మనిషికి భూమి బల్లగా తోస్తుందని 1150లో భాస్కరాచార్యుడు రాశాడు. సిద్ధాంతుల లెక్క తెచ్చి పురాణం ఖాతాలో రాసుకోవడం, నా మిత్రుడు యెషయా ఖాతాలో గోళం రాసుకున్నట్టే.

కైవారం తాతయ్య కాలజ్ఞానంలోనూ, బ్రహ్మంగారి కాలజ్ఞానంలోనూ జరిగిపోయిన తర్వాత సంగతులు వెదికే అలవాటు మన సీమలో ఉంది. జరగకముందు ఆ పద్యం ఎవరికీ ఆ సంగతి చెప్పి ఉండదు. తెలిసిన జవాబును తీసుకుపోయి పద్యంలో పెట్టి, మళ్లీ పద్యంలోంచి తీసి ఆశ్చర్యపడతాము. ఇందులో పద్యానికి జరిగే అన్యాయం ఏమిటంటే, అది తనంతట తాను ఏమి చెబుతోందో ఎవరూ వినరు.

యెషయా 40వ అధ్యాయం ఏమి చెబుతోంది? అది ఓదార్పుతో మొదలవుతుంది. ఊరు పోగొట్టుకొని, గుడి పోగొట్టుకొని, పరాయి రాజు కింద బతికేవారితో మాట్లాడుతోంది. వారి కళ్లకు బబులోను రాజ్యం కొండంత. ఆ కొండంతదాన్ని కవి ఎంతో ఎత్తుకు తీసుకుపోయి అక్కడినుంచి చూపిస్తాడు. అక్కడినుంచి భూమి ఒక చిన్న మండలం, మనుషులు మిడతలు. తర్వాతి వచనంలోనే రాజులూ అధికారులూ లేనట్టు అయిపోతారు. ఆ ఎత్తే ఆ వచనానికి ప్రాణం. మన ఊళ్లో మనం పరాయివాళ్లం కాము, మన పెద్దలు ఇక్కడే పుట్టారు. అయినా దరఖాస్తు ఒక భాషలో రాసి, దుఃఖం ఇంకొక భాషలో పడే మనకు ఈ ఓదార్పు కొంత అర్థం కావాలి. అటువంటి వచనాన్ని భూమి ఆకారానికి వోచరుగా వాడుకుంటే, బల్ల పక్షం వారైనా గుండ్రం పక్షం వారైనా దాని ప్రాణం తీసినట్టే.

ఇంతా చూసి నేను నా మిత్రుడికి చెప్పింది ఇది. ఆ పుస్తకం రాసినవారి ఊహలో భూమి బల్లపరుపే. ఆ సంగతి దాచవద్దు. ఆ కాలంలో వారి చుట్టుపట్ల అందరి ఊహా అదే. కాని భూమి బల్లపరుపు అని నేర్పడానికి ఆ పుస్తకంలో ఒక్క అధ్యాయమూ రాయలేదు. తమకు తెలిసిన భూమి మీద నిలబడి తమ మాట చెప్పారు. నీ కొడుకు అడిగింది న్యాయమైన ప్రశ్న. లేని గోళాన్ని చూపినందుకు వాడు నవ్వాడు, పుస్తకాన్ని చూసి కాదు.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'మరి మీ పంచమ స్కంధమో?' అన్నాడు. 'అదీ అంతే' అన్నాను. 'మీ ఇంట్లో ఈ మాట చెప్పినావా?' అన్నాడు. ఇంకా చెప్పలేదని ఒప్పుకున్నాను. వచ్చే పండగకు కొడుకు ఊరికి వచ్చినప్పుడు ఆ అధ్యాయం మొదటినుంచి చివరిదాకా వాడి చేతనే చదివించుకుంటానని చెప్పి లేచాడు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో పాత ముద్రణల తెలుగు బైబిళ్లు ఉంటే, నేను చెప్పిన మూడు చోట్లు తీసి చూడండి. భూమండలము, దిక్కులు, విశాలము అనే చోట ఇంకేవైనా మాటలున్నాయేమో ఈ పత్రికకు రాయండి. ఒక మాట ఎప్పుడు వచ్చి చేరిందో తెలిస్తే, మనం దేని మీద పోట్లాడుతున్నామో కొంతైనా తెలుస్తుంది.